చూసినంతకాలం ఆకుపచ్చగా

చిరంజీవి బుజ్జితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ క్షేమం. అందరమూ అంటే నేనూ, నా మోకాలూ, మీ అమ్మ పుస్తకాల బీరువా. ముగ్గురిలో బీరువా ఆరోగ్యమే కాస్త మెరుగ్గా ఉంది. నువ్వు వేళకు తింటున్నావనీ, వేళకు పడుకుంటున్నావనీ తలుస్తాను. అబద్ధమని తెలిసినా ఉత్తరాల్లో అలా తలవడం మన పద్ధతి.

నీ ఉత్తరం చేరింది. ఈ-మెయిల్ ఇస్తే పోయేదానికి ఈయన కాగితాలు ఎందుకు ఖరాబు చేస్తున్నాడని నీ భాగస్వామి, ఆ కళ్ళజోడబ్బాయి, నవ్వుకుంటాడు. నవ్వుకోనీ. మీ మెయిలంతా మీ బాబాయి మెషిన్ల మీదుగానే వస్తుంది, పోతుంది. ఈసారి నేను రాయబోయేది వాడి గడప తొక్కకుండా నీకు చేరాలి. ఫోన్లో చెబుదామంటే నా మాట సగంలో ఉండగానే "సరే నాన్నా, సరే నాన్నా" అంటావు. కాగితంతో ఆ బాధ లేదు. చివరిదాకా చదువు. మధ్యలో ఆపేసి బాబాయి ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వెళ్ళిపోకు. నీ సర్వీసు మొదలయ్యే ఒకటో తారీఖుకు ఇంకా వ్యవధి ఉంది.

నీ ప్రశ్నలకు వరసగా జవాబు చెబుతాను. మోకాలు అలాగే ఉంది. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. నేనుండేది మూడో అంతస్తనీ, లిఫ్టు దాని మూడ్ బాగున్నప్పుడే నడుస్తుందనీ చెబితే, "అయితే తక్కువ ఎక్కండి" అన్నాడు. అంత చదువు చదివి ఆ మాట చెప్పడానికి వాడికి ఒక గది, ఒక బోర్డు, బయట ఒక క్యూ. వంట నేనే చేసుకుంటున్నాను. ఉప్పు తగ్గించానని నీతో చెప్పమని మీ అమ్మ ఉంటే అనేది, అందుకని చెబుతున్నాను.

"బాబాయి ఫోన్ చేస్తే ఎత్తడం లేదట, ఎందుకు నాన్నా" అని అడిగావు. మీ బాబాయి కంపెనీ వాళ్ళు అచ్చు వేయించిన పరిచయ పుస్తకం నీ దగ్గర ఉంది కదా, మొదటి పేజీ తియ్యి. వాడి ఫొటో కింద "ఒక చిన్న గదిలో మొదలుపెట్టాను" అని ఉంటుంది. ఆ చిన్న గది మా పడకగది. మొదలుపెట్టింది మీ అమ్మ. వాడు ఆ గదిలోకి వచ్చేది టీ కోసం. తను ప్రోగ్రాం రాసేది, నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో కంప్యూటర్ గదికి కాపలా కాసి వచ్చి, ఇంట్లో మెషిన్లకు కాపలా కాసేవాణ్ణి. వాడు టై కట్టుకుని బయటికెళ్ళి అమ్ముకొచ్చేవాడు. అమ్మిన వాడిదే కంపెనీ అయింది. మీ అమ్మ ఒక్క మాట అనలేదు. "పోనీండి, మీ తమ్ముడేగా" అంది. ఆ "మీ" అనే మాటలో ఎంత ఉందో నాకు తెలుసు.

ఆసుపత్రిలో ఆవిడ ఆఖరి రోజుల్లో వాడు వచ్చాడు. రాలేదని అనను. కారిడార్లో నిలబడి ఫోన్లో ఎవరికో, మా మెషిన్లు ఆగడమనే ప్రశ్నే లేదని హామీ ఇస్తున్నాడు. తలుపు తెరిచి ఉంది. మంచం మీద నుంచి మీ అమ్మ అది విని నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెప్పాను. ఫోన్ ఎందుకు ఎత్తనో తెలిసింది కదా.

ఇక అసలు సంగతి. సర్వర్లు ఎక్కడ పెట్టాలి నాన్నా అని మూడు దారులు రాశావు. మీ అమ్మలాగా సొంత మెషిన్లు కొని అద్దె గదిలో పెట్టుకోవడం ఒకటి. పెద్ద క్లౌడ్ కంపెనీలో వాడినంతకు కడుతూ మెషిన్లు అద్దెకు తీసుకోవడం రెండు. బాబాయి హోస్టింగ్, అంటే అంతా వాడి మెషిన్ల మీదే నడపడం, మూడోది: మొదటి ఏడాది ఉచితం, పైగా వాడే పెట్టుబడి పెడతాడు, జనం పెరిగితే మెషిన్లు వాటంతటవే పెరుగుతాయి, తగ్గితే వాటంతటవే తగ్గుతాయి. "మీరైతే ఏది ఎంచుకుంటారు" అన్నావు. ఇన్నేళ్ళకు నన్నొకరు పని సంగతి అడిగారు. రెండు రోజులు ఆ వాక్యమే చదువుకున్నాను.

సొంత మెషిన్లు వద్దు. ఈ మాట నేను అంటానని నువ్వు అనుకుని ఉండవు. మీ అమ్మ సర్వరు పెట్టె మన చెప్పుల అలమారలో ఉండి పని చేసిందంటే, అది రోజూ ఫోన్ చేసి పలకరించాల్సింది నన్నొక్కణ్ణే కాబట్టి. నువ్వు పలకరించబోయేది నాలాంటి ముసలివాళ్ళు వేలమందిని. మోజు మీద సర్వర్లు నడవవు. ఫ్యాను చెడితే మార్చడానికి నువ్వు లేచి వెళ్ళాలి, డిస్కు పోతే ఏడవడానికీ నువ్వే వెళ్ళాలి. ఆ ఉద్యోగం నేను చేశాను. నా కూతురు చెయ్యక్కర్లేదు.

వాటంతటవే పెరగడం గురించి మాత్రం నీకూ ఆ కళ్ళజోడబ్బాయికీ ఉన్న మురిపెం చూస్తే నాకు మా పాత మేనేజరు గుర్తొస్తాడు. ఆయన అతిథులకు మా కంప్యూటర్ గది చూపించేవాడు. మా మెషిన్లకు లైట్లు చాల్లేదని, వరసగా దీపాలు వెలిగి ఆరే పెట్టె ఒకటి చేయించి మధ్యలో పెట్టించాడు. లోపల బల్బులు తప్ప ఏమీ లేదు. వచ్చినవాళ్ళంతా దాని ముందే ఫొటో దిగేవాళ్ళు. పెద్ద సార్లు ఒకసారి దానికి పూలదండ వేశారు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. చేతులు కట్టుకుని నిలబడ్డందుకే నాకు జీతం ఇచ్చారని ఇప్పుడనిపిస్తుంది.

మీకు లోడ్ ఎందుకు పెరుగుతుంది? అందరికీ సాయంత్రం ఒకే వేళకు ఫోన్ చేస్తున్నారు కాబట్టి. అందర్నీ ఒక్క వేళకే పలకరించాలని ఎవరన్నారు? ముసలివాళ్ళకు సాయంత్రం చాలా పొడుగు. పనిని ఆ పొడుగునా పరిస్తే, వాటంతటవే పెరిగే మెషిన్ల అవసరం మీకు ఇప్పట్లో రాదు. ఒక మాదిరి మెషిన్లు రెండు, వేర్వేరు ఊళ్ళలో, పెద్ద క్లౌడ్లో అద్దెకు తీసుకో. పెరగాల్సి వస్తే ఎంతవరకు పెరగవచ్చో హద్దు నువ్వే రాసి పెట్టు. రేపు వాళ్ళతో పొసగకపోతే సామాను సర్దుకుని ఇంకో చోటికి వెళ్ళగలిగేలా, ఎక్కడైనా దొరికే పనిముట్లే వాడు. బ్యాకప్ తీస్తున్నాం అని ఎవరైనా అంటే, తిరిగి పెట్టి చూపించమను. ఇవన్నీ నీకు తెలిసినవే. నీకు తెలియనిది ఒకటి ఉంది. అక్కడికే వస్తున్నాను.

దానికంటే ముందు నీ ఆఖరి ప్రశ్న. "అమ్మ గొంతే అందరికీ ఉంచుదామా నాన్నా? విన్నవాళ్ళందరికీ నచ్చింది. బాబాయి కూడా అదే మన బలం అంటున్నాడు." ఈ ప్రశ్న రాసేటప్పుడు నీ కలం కొంచెం తడబడింది. అక్షరాలు చిన్నవయ్యాయి.

ఆ గొంతు ఎలా వచ్చిందో నీకు పూర్తిగా తెలీదు. చికిత్సకని తను ఆసుపత్రిలో చేరబోయే ముందు, నేను ఇంట్లో ఒంటరిగా ఏమైపోతానో అని దిగులు పడింది. జబ్బు తనది, దిగులు నా గురించి. రోజూ సాయంత్రం పెట్టె నాకు ఫోన్ చెయ్యాలి, నేను ఒకటి నొక్కాలి, వరసగా నొక్కకపోతే నీకు కబురు వెళ్ళాలి. అంతే ప్రోగ్రాం. ఒక్క మధ్యాహ్నంలో రాసేసింది. గొంతు రికార్డు చెయ్యడానికి మాత్రం నన్ను ఎదురుగా నిలబెట్టి నా చేతికి ఫోనిచ్చింది. "ఏమండీ, ఉన్నారా? ఉంటే ఒకటి నొక్కండి" అని చెప్పి, చివర నా మొహం చూసి, "చాలా?" అంది. అది కూడా రికార్డయింది. చెరపనా అంటే, "ఉండనీండి, మీరేమన్నా తప్పు పడతారా" అంది.

తను పోయాక కూడా పెట్టె ఆగలేదు. ఆపమని దానికి ఎవరూ చెప్పలేదుగా. సాయంత్రమయ్యేసరికి ఫోన్ మోగేది. "ఏమండీ, ఉన్నారా? ఉంటే ఒకటి నొక్కండి. చాలా?" నేను ముందు నోటితో "ఉన్నాను" అని, తర్వాత నొక్కేవాణ్ణి. నోటితో చెప్పింది ఏ మెషిన్‌కూ అక్కర్లేదని నాకు తెలియక కాదు. ఆ వేళకు తల దువ్వుకునేవాణ్ణి. నలిగిన చొక్కా మార్చుకునేవాణ్ణి. వారం తర్వాత నువ్వు మళ్ళీ వచ్చి ఆ ఫోన్ విన్నావు, అక్కడే కూర్చుని ఏడ్చావు, నెల తిరక్కుండా అదే పని చేసే కంపెనీ పెడతానన్నావు. నేను కాదనలేదు. మీ అమ్మ రాసింది నీకు దక్కితే, వాడికి దక్కనట్టే కదా అనుకున్నాను. నా ఆలోచనలు అంత గొప్పగా ఉంటాయి.

ట్రయల్ కోసమని అంతా బాబాయి మెషిన్ల మీదికి మార్చారు. చెప్పుల అలమారలో పెట్టె ఆపెయ్యమని నువ్వు ఫోన్ చేశావు. "అలాగే" అన్నాను. వైరు పట్టుకుని అలమార ముందు చాలాసేపు కూర్చున్నాను. లాగాక, దాని ఫ్యాను కొద్దిగా తిరిగి ఆగింది. అంతకు ముందు ఇంట్లో ఆ చప్పుడు ఉందని కూడా నాకు తెలియదు.

మర్నాడు సాయంత్రం ఫోన్ మోగింది. "ఏమండీ, ఉన్నారా? ఉంటే ఒకటి నొక్కండి." అక్కడితో ఆగింది. బాబాయి మనుషులు గొంతును శుభ్రం చేశారు. "చాలా?" అనేది అనవసరమని కోసేశారు. శుభ్రంగా, దగ్గరగా, ఎవరి ఎదుటా నిలబడనట్టుగా ఉంది గొంతు. ఆ "ఏమండీ" నన్ను కాదు. ఎవరినైనా కావచ్చు. ఇప్పుడు ఊళ్ళో ముసలాళ్ళందర్నీ మా ఆవిడ "ఏమండీ" అంటోందన్న మాట.

కొన్నాళ్ళకు ఇంకొకటి జరిగింది. ఒక సాయంత్రం ఫోన్ మోగితే ఒకటి నొక్కి పెట్టేశాను. మళ్ళీ మోగింది. "ఏమండీ, ఉన్నారా?" నొక్కాను. మళ్ళీ మోగింది. బతికున్నప్పుడు మీ అమ్మ ఏ మాటా రెండోసారి అడిగే మనిషి కాదు. నేను వంటింట్లోకి వెళ్ళినా మోగుతోంది, ముందు గదిలోకి వచ్చినా మోగుతోంది. నొక్కుతున్నాను, పెడుతున్నాను, మోగుతోంది. చివరికి గట్టిగా అరిచాను, "ఉన్నానే, ఎన్నిసార్లు చెప్పను" అని. పక్క ఫ్లాటు అమ్మాయి, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల, తలుపు కొట్టింది.

"అంకుల్, ఎవరైనా ఫోన్లో విసిగిస్తున్నారా? నంబరు బ్లాక్ చెయ్యనా?"

"వద్దమ్మా. ఇంట్లోవాళ్ళే."

"మరి మాట్లాడండి, పాపం అన్నిసార్లు చేస్తున్నారంటే."

ఆ పిల్లకు ఏం చెప్పను? పోయిన మనిషి, నేను బతికున్నానంటే నమ్మడం లేదని చెప్పనా?

ఆ రోజు మాత్రం నేనే మీ బాబాయికి ఫోన్ చేశాను. నవ్వాడు. "అన్నయ్యా, ఎంత బరువు మోస్తుందో చూద్దామని లోడ్ టెస్ట్ చేశాం. ఒత్తిడి ఎక్కువైందనుకుని ప్రోగ్రాంకు కొత్త కాపీలు లేచాయి. ప్రతి కాపీ నీకు ఫోన్ చేసింది. నువ్వు ఒకదానికి చెప్పింది ఇంకోదానికి తెలియలేదు."

"అంటే ఒకే ఇంట్లో అందరూ ఉన్నారు, ఒకరితో ఒకరికి మాటల్లేవు. మన ఇల్లు చూసే కట్టారా?"

"నీ వెటకారం ఎక్కడికీ పోలేదు. రేపటికి సరిచేయిస్తాలే. అన్ని కాపీలకూ ముందు ఒక జ్ఞాపకం పెడతాం. ఎవరికి జవాబు వచ్చినా అందులో పడుతుంది. రోజూ ఒక ఫోన్ తప్పకుండా వెళుతుంది, ఇంకో కాపీ మళ్ళీ అడిగే ముందు మాత్రం అది చూసి, జవాబు ఉంటే ఊరుకుంటుంది. మీ అమ్మాయి స్క్రీన్ కూడా అక్కణ్ణుంచే చదువుతుంది, చిటికెలో కనిపిస్తుంది."

సరిచేశారు. మళ్ళీ రోజుకొక్క ఫోనే. నీ ఉత్తరంలో నువ్వు ఎంతో మెచ్చుకున్న "చిటికెలో కనిపించే" స్క్రీన్ అదే: నొక్కితే పేరు పక్కన ఆకుపచ్చ చుక్క, నొక్కకపోతే ఎరుపు.

ఇప్పుడు నేను ఇంతవరకు దాచింది చెబుతాను.

ఆ తర్వాత నేను నొక్కడం మానేశాను.

ఫోన్ మోగుతుంది. ఎత్తుతాను, వింటాను, పెట్టేస్తాను. మొదటి రోజు కోపంతో నొక్కలేదు, ఆ శుభ్రం చేసిన గొంతు మీద కోపం. రెండో రోజు నుంచి కారణం వేరు. నేను నొక్కకపోతే నీకు కబురు వెళుతుంది, నువ్వు కంగారు పడతావు, ఫోన్ చేస్తావు, లేదా రైలెక్కుతావు. అంతవరకు ఆలోచించుకున్నాను. ముసలితనంలో మనిషి ఎంత నీచంగా ఆలోచిస్తాడో నువ్వు ఇంకా చూడలేదు. ముందు గది సర్దాను. నీ పరుపు ఎండలో వేశాను. మెట్ల మీద చప్పుడైతే లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. కళ్ళు తిరిగి పడిపోయానని చెప్పాలా, ఫోన్ పాడైందని చెప్పాలా అని రెండు కథలు కూడా సిద్ధం చేసుకున్నాను.

నువ్వు రాలేదు. ఫోన్ రాలేదు. సాయంత్రాలు గడుస్తున్నాయి, తను అడుగుతూనే ఉంది, నేను ఊరుకుంటూనే ఉన్నాను. కబురు వెళ్ళినా నువ్వు పట్టించుకోలేదనుకున్నాను. నిన్ను మనసులో ఏమేమి అన్నానో ఇక్కడ రాయను. నా లెక్కల్లో మీ బాబాయి పక్కన నీకూ ఒక కుర్చీ వేశాను.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. కింద ఉత్తరాల పెట్టె దగ్గరే చింపి చదివాను. మూడో పేజీలో రాశావు: "రోజూ పొద్దున ఆఫీసుకు రాగానే మొదట మీ పేరే చూస్తాను నాన్నా. సెలవు రోజైనా ఇంట్లోంచి చూస్తాను. రోజూ ఆకుపచ్చగా ఉంటున్నారు. ఒక్క రోజు కూడా తప్పకుండా నొక్కుతున్నారు. ఆ చుక్క చూశాకే నాకు పని మొదలుపెట్టాలనిపిస్తుంది."

అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. నేను నొక్కలేదు. ఎవరో నొక్కారు. నా బదులు ఎవరో రోజూ "ఉన్నాను" అంటున్నారు. అది ఎవరై ఉంటారా అని ఆలోచిస్తే, ఇన్ని పుస్తకాలు చదివిన బుర్రకు తట్టిన మొదటి పేరు మీ అమ్మది. రెండోది అంతకంటే పాడు ఆలోచన: నేను నొక్కడం మానలేదేమో, మానేశాననుకుంటున్నానేమో. లేదా అసలు చప్పుడు చెయ్యకుండా ఎప్పుడో పోయానేమో, సంగతి నాకింకా చేరలేదేమో. పక్క ఫ్లాటు అమ్మాయి పనికి వెళుతూ, "అంకుల్, మెట్ల మీద కూర్చున్నారేం" అనేదాకా ఆ మూడోదే నమ్మకంగా అనిపించింది. ఆ పిల్లకు నేను కనిపించాను కదా, అని లేచాను.

మర్నాడు మీ బాబాయి ఆఫీసుకు వెళ్ళాను. అద్దాల మేడ, లోపల అందరూ స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు. వాడు నన్ను చూసి నిజంగానే సంతోషించాడు, ఆ మాట దాచను. నా చెయ్యి పట్టుకుని మెషిన్ గది చూపించాడు. వరసలు వరసలుగా నల్ల అరలు. చల్లదనానికి నా మోకాలు మూలిగింది. ఫ్యాన్ల హోరులో చెవి దగ్గర అరిచి మాట్లాడుకోవాలి.

"ఒరేయ్, ఆ జ్ఞాపకంలో పడిన జవాబు ఎప్పుడు చెరిగిపోతుంది?" అని అరిచాను.

"రోజు దాటితే దానంతటదే పోతుంది. పోయాక కొత్త జవాబు లేకపోతే చుక్క ఎర్రబడుతుంది, పిల్లలకు కబురు వెళుతుంది. బాగుంది కదా?"

"రోజంటే ఎప్పటి నుంచి రోజు? నొక్కినప్పటి నుంచా?"

"కాదు, ఆఖరుసారి ఎవరైనా స్క్రీన్ మీద చూసినప్పటి నుంచి. ఎవరో వాడుతున్న సమాచారాన్ని చెరిపేస్తే ఎలా? ఎవరూ చూడని వాటినే పారేస్తాం. మేం అన్ని కంపెనీలకూ అలాగే పెడతాం అన్నయ్యా. షాపుల వాళ్ళు, టికెట్ల వాళ్ళు, అందరికీ."

"అంటే రోజూ ఎవరైనా చూస్తూ ఉంటే?"

"చూస్తూ ఉంటే అలాగే ఉంటుంది."

"మనిషి పోయినా?"

వాడు నవ్వబోయాడు. "నువ్వు పుస్తకాలు మరీ ఎక్కువ..." అని ఆగిపోయాడు. వాడు టై కట్టిన అమ్మకందారే కానీ మూర్ఖుడు కాదు. నా మొహంలోకి చూశాడు. నేను చెప్పాను, నేను నొక్కడం మానేసి చాలా రోజులైందని. మీ బాబాయి అక్కడే, ఆ అరల మధ్య నేల మీద, కోటుతోనే కూలబడ్డాడు.

అర్థమైంది కదా, తల్లీ. ట్రయల్లో అన్నీ సరిగ్గా పనిచేశాయని రాశావు. జవాబు ఇవ్వని పెద్దవాళ్ళందరి చుక్కలూ ఎర్రబడ్డాయన్నావు. నిజమే, ఎర్రబడ్డాయి. వాళ్ళ పిల్లలు చూడటం లేదు కాబట్టి. ఎవరికీ పట్టని ముసలివాళ్ళ విషయంలో నీ సర్వీసు నిక్కచ్చిగా నిజం చెబుతుంది. రోజూ కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసే కూతురికి మాత్రం అబద్ధం చెబుతుంది. నువ్వు పొద్దున్నే నా పేరు వెతికి చూసినప్పుడల్లా, నా పాత జవాబుకు ఇంకో రోజు ఆయుష్షు పోశావు. ఆ రోజుల్లో నేను బాత్‌రూంలో పడి ఉండవచ్చు. అయినా నీకు ఆకుపచ్చగానే ఉండేవాణ్ణి.

ఒకటో తారీఖున నువ్వు తలుపులు తెరిస్తే నీ దగ్గరికి వచ్చేది ఎవరు? నీలాంటి వాళ్ళే. రోజూ చూసేవాళ్ళే.

మీ బాబాయి తేరుకుని ఏమన్నాడో కూడా రాయాలి. "అమ్మాయికి ఇప్పుడే చెప్పకు. మా కంపెనీ పెట్టుబడిదారులు చూసి వెళ్ళాక మార్పిస్తాను. ఈలోపు ముట్టుకుంటే ట్రయల్ లెక్కలన్నీ తారుమారైనట్టు వాళ్ళకు తెలిసిపోతుంది. నువ్వు మాత్రం రోజూ నొక్కు, అంతే" అన్నాడు. ఇంటికి రాగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళకు వాడి పిలక నా చేతికి దొరికింది. ఎలా ఆడించాలా అని దారంతా ఊహించుకుంటూ వచ్చాను.

అయితే ఇంకొకటి ఉంది. రాయకుండా వదిలేద్దామనుకున్నాను, కుదరడం లేదు. లిఫ్టు దాకా నాతో వచ్చి, తలుపు మూసుకునే ముందు చెయ్యి అడ్డం పెట్టి, "అన్నయ్యా, ఎందుకు నొక్కలేదు?" అని అడిగాడు. ఈ ప్రపంచంలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మనిషి వాడొక్కడే. నాకు జవాబు రాలేదు. "పనుంది" అని లిఫ్టు మీట నొక్కేశాను. పాత లెక్కల్లోంచి ఒక్కటి కూడా కొట్టెయ్యను. కానీ ఇది కూడా రాసి ఉంచడం న్యాయం కాబట్టి రాశాను.

కాబట్టి నా జవాబు. బాబాయి హోస్టింగ్ వద్దు, వాడు దొంగ అని కాదు. షాపుల్లో సరుకు చూపించే పద్ధతిలోనే మనుషుల్నీ చూపిస్తున్నాడు, తేడా ఉందని తోచలేదు. రేపు పెద్ద క్లౌడ్‌కు వెళ్ళినా ఆ పద్ధతి అక్కడా అమ్ముతారు, సులువుగా, ఒక్క మీట దూరంలో. కొనేటప్పుడు నువ్వే గుర్తుంచుకోవాలి. ఎంతమందికి తట్టుకుంటుంది అని అడిగే ముందు, జవాబు లేనప్పుడు ఏం చూపిస్తుంది అని అడుగు. మనిషి ఉన్నాడా లేడా అనే మాట ఎక్కడా నిలవ ఉంచకూడదు. నెమ్మదిగా వచ్చినా సరే, అడిగిన ప్రతిసారీ అసలు చోటు నుంచే రావాలి. పక్కన ఎప్పుడు నొక్కాడో వేళ కూడా కనిపించాలి. తెలియకపోతే తెలియదని చూపించాలి. దానికి ఆకుపచ్చా ఎరుపూ కాక ఇంకో రంగు వెతుక్కో.

ఈ ఉత్తరం అందిన రోజు నా పేరు చూడకు. అలవాటుగా చెయ్యి అటు పోతుంది, పోనివ్వకు. మర్నాడు సాయంత్రందాకా ఓర్చుకో. అప్పుడు చూడు, ఎర్రగా ఉంటుంది. అదే నిజం. కళ్ళజోడబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించు, సంతకం సంగతి ఆ తర్వాత మీ ఇద్దరూ మాట్లాడుకోండి. నా మాట మీద ఆపొద్దు, మీరు చూసిన దాని మీద ఆపండి. నేను చాలామంది మీద కక్షలున్నవాణ్ణని అందరికీ తెలుసు.

మీ అమ్మ గొంతు సంగతి. తీసెయ్యి. అందరికీ తీసెయ్యి, నాకు కూడా. చేతులారా ఇది రాస్తానని నేను అనుకోలేదు. పొద్దుటి నుంచి ఈ వాక్యం రాయడానికే కూర్చుని, మిగతావన్నీ రాశాను. ఇన్ని సాయంత్రాలు నేను నొక్కకుండా కూర్చున్నాను, ఆవిడ ఒక్కసారి కూడా గొంతు మార్చలేదు. భయపడలేదు. విసుక్కోలేదు. "ఏమైందండీ" అనలేదు. బతికుంటే ఒక్క పూట ఊరుకునే మనిషేనా? ఆ గొంతుకు నేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మీ అమ్మ అలాంటిది కాదు. అలాంటిదని వేలమంది ఇళ్ళలో చెప్పించకు.

నిన్న సాయంత్రం కూడా మోగింది. ఎత్తలేదు. చాలాసేపు మోగింది. ఆగిపోయాక గది కొత్తగా ఉంది. ఈ రోజు కూడా కాసేపట్లో మోగుతుంది, ఎత్తుతానో లేదో ఇంకా తెలియదు. ఈలోపు ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వద్దామనుకుంటున్నాను, మెట్లు తక్కువ ఎక్కమన్న డాక్టరుకు తెలియకుండా.

ఎర్రచుక్క చూశాక నువ్వే ఫోన్ చెయ్యి. ఆరోగ్యం సంగతి ముందు అడగొద్దు. మీ బాబాయి అడిగిందే అడుగు. నువ్వు అడిగితే నాకు జవాబు వస్తుందనుకుంటున్నాను. మధ్యలో "సరే నాన్నా" అనకుండా ఉంటే.

ఇట్లు,
ఇది రాసే వేళకు ఉన్న
మీ నాన్న